తాబేలుకు దారి చెప్పే పిల్లలు: చిన్న తరగతుల్లో కంప్యూటర్ పని

(సీమోర్ పాపర్ట్ స్మృతిలో ఇచ్చిన ఉపన్యాస పాఠం)

ఐదేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లల తరగతి గదిలోకి కంప్యూటర్ రెండు దారుల్లో వచ్చింది. రెండూ అమెరికాలోనే, ఒక్క ఏడాది తేడాతో మొదలయ్యాయి. 1966లో కాలిఫోర్నియా రాష్ట్రం ఈస్ట్ పాలో ఆల్టోలోని బ్రెంట్‌వుడ్ బడిలో స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు పాట్రిక్ సప్పెస్, రిచర్డ్ అట్కిన్సన్ ఒకటో తరగతి పిల్లలకు ఐబీఎం యంత్రాల సాయంతో లెక్కలూ చదవడమూ నేర్పే ఏర్పాటు చేశారు. తెర మీద ప్రశ్న వస్తుంది, పిల్లవాడు జవాబిస్తాడు, తప్పయితే యంత్రం మళ్లీ అడుగుతుంది, ఒప్పయితే తర్వాతి ప్రశ్న వేస్తుంది. మరుసటి ఏడాది, 1967లో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ సంస్థలో వాలీ ఫోర్జీగ్, సింథియా సోలమన్, డేనియల్ బాబ్రో, సీమోర్ పాపర్ట్ కలిసి పిల్లల కోసం 'లోగో' అనే ప్రోగ్రామింగ్ భాషను తయారు చేశారు. ఇక్కడ వరస తిరగబడింది. చెప్పేది పిల్లవాడు, చేసేది యంత్రం.

ఈ రెండు దారులూ నేటికీ వేరువేరుగానే సాగుతున్నాయి. బళ్లలోకి వస్తున్న ట్యాబుల్లోనూ పెద్ద తెరల్లోనూ ఎక్కువ భాగం సప్పెస్ దారిలోనివే. బొమ్మ చూపించి పేరు అడుగుతాయి, కూడిక ఇచ్చి జవాబు నొక్కమంటాయి, సరిగ్గా నొక్కితే చప్పట్లు కొడతాయి. ఆ పద్ధతికి దాని ఉపయోగం దానికి ఉంది. కానీ ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలకు తరగతి గదిలో యంత్రంతో నిజమైన ప్రాజెక్టు చేయించాలంటే పట్టుకోవలసింది పాపర్ట్ దారినే. ఆ వయసు పిల్లవాడు నేర్చుకునేది జవాబుల వల్ల కంటే తాను తలపెట్టిన పని తన చేతిలో జరగడం వల్ల, జరగనప్పుడు ఎందుకు జరగలేదో వెతకడం వల్ల.

పాపర్ట్ 1928 ఫిబ్రవరి 29న దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో పుట్టారు. వృత్తిరీత్యా గణిత శాస్త్రజ్ఞుడు. 1958 నుంచి అయిదేళ్ల పాటు జెనీవాలో జాన్ పియాజే దగ్గర పనిచేశారు. పిల్లలు పెద్దల జ్ఞానాన్ని నింపుకునే ఖాళీ పాత్రలు కారనీ, తమ లోకాన్ని తామే అర్థం చేసుకుంటూ మనసులో దాన్ని కట్టుకుంటారనీ పియాజే చెప్పిన మాట ఆయనలో బలంగా నాటుకుంది. తర్వాత మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎంఐటీ)లో చేరి, మార్విన్ మిన్‌స్కీతో కలిసి కృత్రిమ మేధ ప్రయోగశాలను నడిపారు. 1980లో వచ్చిన ఆయన పుస్తకం 'మైండ్‌స్టార్మ్స్' ముందుమాటలో తన బాల్యంలోని గేర్ల సంగతి చెప్పుకున్నారు. రెండేళ్లు నిండకముందే కారు భాగాల మీద మోజు పడిన పిల్లవాడు, తర్వాత పళ్ల చక్రాలను మనసులో తిప్పుకుంటూ ఎక్కాలూ సమీకరణాలూ అర్థం చేసుకున్నాడు. అలాగని పిల్లలందరికీ గేర్లు పంచిపెడితే అందరూ గణితజ్ఞులవుతారని ఆయన అనుకోలేదు. ఒక్కో పిల్లవాడికి ఒక్కో వస్తువు మీద ప్రేమ పుడుతుంది. కంప్యూటర్ ఏ రూపమైనా ఎత్తగలదు గనుక, ఏ పిల్లవాడి ప్రేమకైనా అది వస్తువు కాగలదని ఆయన నమ్మారు. చిన్న పిల్లల ప్రాజెక్టులన్నిటికీ పునాది ఈ నమ్మకమే.

తొలి లోగోలో బొమ్మలు లేవు, మాటలూ వాక్యాలూ మాత్రమే ఉండేవి. వాడిన వాళ్లు కూడా కాస్త పెద్ద తరగతుల పిల్లలే. 1970 ప్రాంతంలో దానికి తాబేలు తోడైంది. గుండ్రటి పైకప్పు, కింద చక్రాలు, మధ్యలో నేల మీదికి దిగే పెన్ను ఉన్న చిన్న యంత్రం అది. 1940ల చివర ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో విలియం గ్రే వాల్టర్ వెలుతురు వైపు తమంతట తామే నడిచే చిన్న యంత్రాలు చేసి వాటిని తాబేళ్లన్నారు. లోగో తాబేలుకు ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. 'ముందుకు 100' అంటే ముందుకు నడుస్తుంది, 'కుడికి 90' అంటే ఉన్నచోటే పావు వంతు తిరుగుతుంది, నడిచిన మేరా గీత పడుతుంది. తర్వాత అదే తాబేలు తెర మీదికి ఎక్కి చిన్న త్రికోణంగా మారింది గానీ, చిన్న పిల్లలకు నేల మీది తాబేలే ఎక్కువ పనికొస్తుంది. దాని చుట్టూ నడవవచ్చు, దాని వెనక నిలబడి అది చూసేవైపే చూడవచ్చు.

పాపర్ట్ పట్టుకున్న కీలకం ఇదే. తాబేలు ఎటు తిరగాలో తెలియకపోతే పిల్లవాడు తానే తాబేలై నడిచి చూసుకోగలడు. లెక్క తల్లోకి ఎక్కకముందే ఒంటికి తెలుస్తుంది. అందుకే ఈ ప్రాజెక్టుకు మొదటి రోజు ఏ యంత్రమూ అక్కర్లేదు. ఒక సుద్దముక్క, నాలుగు గజాల నేల చాలు. ఒక పిల్లవాడు తాబేలవుతాడు, మిగతావాళ్లు అతనితో నలుచదరం నడిపించాలి. తాబేలుకు రెండే పనులు వచ్చు: ఇన్ని అడుగులు ముందుకు వేయడం, ఉన్నచోటే పక్కకు తిరగడం. అంతకుమించి ఏం చెప్పినా కదలకూడదు.

ఈ ఆటలో ఒకటో తరగతి పిల్లలు మొట్టమొదట ఇరుక్కునే చోటు ఒకటుంది. "ముందుకు అయిదడుగులు" అని బాగానే చెబుతారు. ఆ తర్వాత "కుడికి పో" అంటారు. తాబేలు పిల్లవాడు నియమం గుర్తున్నవాడైతే కదలడు, లేదా ఉన్నచోటే తిరిగి ఊరుకుంటాడు. చెప్పిన పిల్ల మనసులో తిరగడం, వెళ్లడం ఒకటే పని. అవి రెండు వేర్వేరు పనులని ఆమెకు తెలిసేది అప్పుడే. మరో చిక్కు కుడి ఎడమలది. తాబేలు తనవైపు వస్తున్నప్పుడు దాని కుడి తన ఎడమ అవుతుంది. పిల్లలు లేచి పరుగెత్తి తాబేలు వెనక నిలబడి, చెయ్యి చాచి చూసుకుని, మళ్లీ వచ్చి చెబుతారు. మరొకరి చోట నిలబడి చూడడం ఆ వయసులో తేలిక కాదు. ఏ వర్క్‌షీటూ దాన్ని ఇంత సూటిగా నేర్పలేదు. నలుచదరం పూర్తయ్యాక కొందరు పిల్లలు చివరి మలుపును వదిలేస్తారు. గీత కలిసింది కదా అనుకుంటారు. తాబేలు మొదలుపెట్టినప్పుడు చూసినవైపే చివరికీ చూడాలని టీచరు షరతు పెడితే, నాలుగు పావు మలుపులు కలిస్తే ఒక పూర్తి చుట్టు అన్న సంగతి వాళ్లే కనిపెడతారు. కోణాల పాఠం వాళ్లకు మూడు నాలుగేళ్ల తర్వాత వస్తుంది. అప్పటికి ఈ మలుపులు కాళ్లకు గుర్తుంటాయి.

తప్పు విషయంలోనూ ఇక్కడ ఒక పెద్ద తేడా ఉంది. పలక మీద లెక్క తప్పితే ఇంటు మార్కు పడుతుంది, పలక తుడిచేస్తారు. తాబేలు దారి తప్పితే, చెప్పిన మాటల్లో ఏ మాట దగ్గర తప్పిందో వెతకాలి. మొదటి రెండు మాటలు సరైనవే, మూడోదే మార్చాలి అని తేలుతుంది. చేసిన పనిలో ఒప్పు ఎంతో, తప్పు ఎంతో విడదీసి చూడడం పిల్లలకు అలవాటవుతుంది. ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఇది రోజువారీ పని. చదువులో మాత్రం దీనికి చోటు ఇచ్చినవాళ్లు తక్కువ. పాపర్ట్ అన్నిటికన్నా విలువ ఇచ్చింది దీనికే.

లోగో వాడాలంటే అక్షరాలు రావాలి, మీటలు వెతికి కొట్టాలి. నాలుగైదేళ్ల పిల్లలకు అది అడ్డంకి. ఆ అడ్డంకిని తీసినవారు పాపర్ట్ ప్రయోగశాలలో అప్పటికి విద్యార్థినిగా ఉన్న రేడియా పెర్ల్‌మన్. 1970ల మధ్యలో ఆమె 'టోర్టిస్' అనే ఏర్పాటు చేశారు. మొదట బొత్తాల పెట్టె: ఒక్కో బొత్తానికి తాబేలు చేసే ఒక్కో పని. తర్వాత గళ్ల పెట్టె: ప్లాస్టిక్ కార్డులను వరసగా గళ్లలో గుచ్చితే ఆ వరసే ప్రోగ్రామవుతుంది. రాయని పిల్లవాడు, చదవని పిల్లవాడు కూడా చేత్తో పట్టుకుని పేర్చగల ప్రోగ్రాం అలా పుట్టింది. పెర్ల్‌మన్ తర్వాతి కాలంలో కంప్యూటర్ నెట్‌వర్కుల్లో సమాచారం సుడి తిరగకుండా చూసే స్పానింగ్ ట్రీ పద్ధతిని కనిపెట్టి ప్రపంచ ప్రఖ్యాతి పొందారు. చిన్నపిల్లల కోసం ఆమె చేసిన పని మాత్రం చాలాకాలం మరుగున పడి ఉంది. ఈనాడు బజార్లో దొరికే పిల్లల రోబోలలో చాలావాటికి మూలం ఆ బొత్తాల పెట్టెలోనే కనిపిస్తుంది.

వాటిలో బళ్లలో ఎక్కువగా వ్యాపించింది బ్రిటన్‌లో తయారైన 'బీ బాట్'. తేనెటీగ బొమ్మలా ఉంటుంది. వీపు మీద ముందుకు, వెనక్కు, ఎడమకు, కుడికి అనే బాణాల బొత్తాలు, మధ్యలో నడవమనే ఆకుపచ్చ బొత్తాం. ఒక్క అడుగుకు 15 సెంటీమీటర్లు కదులుతుంది, ఒక్క మలుపుకు 90 డిగ్రీలు తిరుగుతుంది. ముందే అన్ని ఆజ్ఞలూ నొక్కి, చివర ఆకుపచ్చ బొత్తాం నొక్కితే వరసగా అన్నీ చేస్తుంది. అంటే నొక్కేముందే దారి మొత్తం మనసులో నడిచి చూసుకోవాలి. దీనికి దుకాణంలో అమ్మే రంగుల పటం కొననక్కర్లేదు. పాత క్యాలెండర్ల వెనక వైపు 15 సెంటీమీటర్ల గళ్లు గీసి, పిల్లలు తమ ఊరిని అందులో వేస్తే చాలు: బడి, గుడి, మసీదు, పాల కేంద్రం, బస్టాండు, చెరువు, ఎవరి ఇల్లు ఎక్కడో అది. గళ్లు కొలవడం, ఊళ్లో ఏది దేని పక్కన ఉందో వాదులాడుకోవడం, ఇంటి నుంచి బడికి రెండు దారులుంటే ఏది దగ్గరో లెక్కపెట్టడం, ఇదంతా ప్రాజెక్టులో భాగమే. నిజానికి యంత్రం కదిలే రెండు నిమిషాల కన్నా దాని ముందు జరిగే రెండు పీరియడ్లలోనే ఎక్కువ చదువు ఉంటుంది. యంత్రమే లేని బడిలో గళ్ల మీద ఒక పిల్లవాడు తొక్కుడుబిళ్ల ఆడినట్టు గెంతుతూ రోబో పాత్ర వేయవచ్చు. పని దాదాపు అదే.

తెలుగు బడికి ఇంకా దగ్గరైనది ముగ్గు. చుక్కల ముగ్గులో గణితం ఉందన్నది ముచ్చటకు చెప్పే మాట కాదు. చెన్నై తాంబరంలోని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి, కమలా కృతివాసన్ 1970లలో తమిళ ముగ్గులైన కోలాలను కంప్యూటర్ శాస్త్రపు వ్యాకరణాలతో వర్ణించారు. ముగ్గు వేసే చేయి చేసే పనిని సరళమైన ఆజ్ఞల వరసగా రాయవచ్చునని చూపిన పరిశోధన అది. తాబేలు చేసేదీ అదే. రెండో తరగతి, మూడో తరగతి పిల్లలకు మూడు చుక్కలు మూడు వరసలు ఇచ్చి, చుక్కల మధ్యగా తాబేలును నడిపి మొదలుపెట్టిన చోటికి తెమ్మనవచ్చు. ఒక మూల దగ్గర వేసిన చిన్న ముక్కనే పావు వంతు తిప్పి నాలుగుసార్లు వేస్తే ముగ్గు పూర్తవుతుందని తెలిసిన రోజున, 'ఇదే మళ్లీ నాలుగుసార్లు' అన్న ఆజ్ఞ ఎందుకు కావాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ధనుర్మాసంలో ఒక ఉదయం ఊళ్లోని అమ్మమ్మనో నాయనమ్మనో బడికి పిలిచి ముగ్గు వేయించి, ఆమె చెయ్యి ఎటు నుంచి ఎటు వెళ్లిందో పిల్లలతో బాణాలుగా రాయించడం ఈ ప్రాజెక్టుకు మంచి ఆరంభం. చదువు రాదని తనను తాను తక్కువ చేసుకునే మనిషి ఆ పూట తరగతికి గురువవుతుంది. ఇది చిన్న సంగతి కాదు.

తెర మీద చేసే ప్రాజెక్టులకు వస్తే, ఈ వయసుకు ఇప్పటివరకూ వచ్చినవాటిలో అన్నిటికన్నా శ్రద్ధగా తయారైనది 'స్క్రాచ్ జూనియర్'. పాపర్ట్ శిష్యుడు మిచెల్ రెస్నిక్ బృందం 2007లో విడుదల చేసిన 'స్క్రాచ్' అనే ప్రోగ్రామింగ్ భాష ఎనిమిదేళ్లు పైబడిన పిల్లల కోసం. అంతకన్నా చిన్నవాళ్ల కోసం టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో మరీనా బేర్స్, ఎంఐటీలో రెస్నిక్, వాళ్లతో పాటు పౌలా బొంటా కలిసి చేసిన రూపం 2014 జూలైలో వచ్చింది. అయిదు నుంచి ఏడేళ్ల పిల్లలకు ఉద్దేశించినది, ఉచితం, ఒకసారి ట్యాబులో వేసుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. బేర్స్ కూడా పాపర్ట్ దగ్గర చదువుకున్నవారే. పిల్లల యంత్రాలు ఆటస్థలంలా ఉండాలి తప్ప, బయటికి పోకుండా కంచె వేసి బొమ్మలిచ్చి కూర్చోబెట్టే తొట్టిలా ఉండకూడదని ఆమె వాదన. స్క్రాచ్ జూనియర్‌లో ఆజ్ఞల బిళ్లల మీద మాటలు ఉండవు, బొమ్మలే. చదవడం వచ్చినా రాకపోయినా, ఇంట్లో ఏ భాష మాట్లాడినా అడ్డు లేదు. బిళ్లలు ఎడమ నుంచి కుడికి అతుక్కుంటాయి, అక్షరాలు చదివే వరసలోనే.

కాకి, కుండ కథను దీనిలో చేయించి చూస్తే ప్రాజెక్టు ఎలా సాగుతుందో తెలుస్తుంది. ఒక ప్రాజెక్టులో నాలుగు పేజీల వరకు పెట్టవచ్చు గనుక మొదట కథను నాలుగు రంగాలుగా విడగొట్టాలి. దాహంతో ఎగురుతున్న కాకి, అడుగున నీళ్లున్న కుండ, రాళ్లు వేయడం, నీళ్లు తాగడం. ఏ రంగంలో ఏది ఉండాలో తేల్చుకోవడమే కథ చదివి అర్థం చేసుకోవడానికి మంచి పరీక్ష. కాకినీ కుండనూ పిల్లలే గీస్తారు, రంగులు వేస్తారు. అసలు చిక్కు మూడో పేజీలో వస్తుంది. నీళ్లను కూడా ఒక పాత్రగా గీయాలని ఎవరికో ఒకరికి తోస్తుంది. రాయి కిందికి దిగాలి, నీళ్లు పైకి లేవాలి. మొదటిసారి ఆకుపచ్చ జెండా నొక్కితే రాయి ఇంకా గాలిలో ఉండగానే నీళ్లు లేచిపోతాయి. పిల్లలు గొల్లున నవ్వుతారు. రెండూ ఒకేసారి మొదలవుతున్నాయని కనిపెట్టాక, నీళ్లను కాసేపు ఆగమనే బిళ్ల పెడతారు. ఎంతసేపు ఆగాలో అంకెలు మార్చి మార్చి చూస్తారు. ఇంకొంత అనుభవం వచ్చాక, రాయి అడుగుకు చేరినప్పుడు ఒక ఉత్తరం పంపేలా, ఆ ఉత్తరం అందితేనే నీళ్లు ఒక గడి పైకి కదిలేలా కవరు బొమ్మ ఉన్న బిళ్లలను వాడతారు. ఈ రెండు పరిష్కారాల్లో రెండోది మేలైనది. రాయి పడడం వల్లే నీళ్లు లేచాయన్న కార్యకారణ సంబంధం ప్రోగ్రాంలోనే ఉంది. ఒకసారి ఆ సంబంధాన్ని చేత్తో కట్టిన పిల్లవాడు కథ నీతిని అప్పజెప్పడంతో ఆగిపోడు. రాయి బదులు ఆకు వేస్తే నీళ్లు లేస్తాయా అని అడుగుతాడు. అక్కడి నుంచి గ్లాసు, నీళ్లు, గులకరాళ్లు తెచ్చి చేసి చూడడం ఒక్క అడుగే.

ఇందులో గొంతు రికార్డు చేసే వీలు తెలుగు పిల్లలకు మరీ విలువైనది. కాకి శ్రీకాకుళం యాసలో దాహమని అరవవచ్చు, కరీంనగర్ యాసలో రాళ్లు లెక్కపెట్టవచ్చు. పాఠ్యపుస్తకం ముందు నోరు విప్పని పిల్లలు కూడా తమ గొంతు బొమ్మలోంచి వినబడగానే మళ్లీ మళ్లీ చెబుతారు, ప్రతిసారీ మాట కాస్త స్పష్టమవుతుంది. సవర, కోయ, గోండి మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చే పిల్లల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ఇంటి భాషలో కథ చెప్పి రికార్డు చేయడానికి లిపితో పని లేదు. 2020 జాతీయ విద్యా విధానం కనీసం అయిదో తరగతి దాకా వీలైన చోటల్లా ఇంటి భాషలో బోధన ఉండాలంటోంది. మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించింది. ఆ రెండు మాటలూ తరగతి గదిలో కలిసే చోటు ఇలాంటి ప్రాజెక్టే.

బేర్స్ బృందం నుంచే వచ్చిన మరో సాధనం 'కీబో'. చెక్క దిమ్మెల మీద బార్‌కోడు ఉంటుంది, దిమ్మెలను వరసగా కలిపి రోబోతో చదివిస్తే అది ఆ ప్రకారం నడుస్తుంది. తెర ఉండదు. చేతితో పేర్చే ప్రోగ్రాం అన్న పెర్ల్‌మన్ ఆలోచనకు ఇది నేరు వారసురాలు. మన బళ్లలో ఇది అరుదు గనుక దీని గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు.

ఒకే ఒక ఫోను ఉన్న బడిలో చేయదగిన ప్రాజెక్టులూ ఉన్నాయి, అవి దేనికీ తీసిపోవు. గాజు సీసాలో తడి కాగితం చుట్టి, కాగితానికీ గాజుకూ మధ్య చిక్కుడు గింజలు ఉంచుతారు. బల్ల మీద సీసా పెట్టే చోట సుద్దతో గుండ్రం గీస్తారు, ఫోను పెట్టే చోట ఇంకో గుర్తు. రోజూ ప్రార్థన అయిన వెంటనే ఒక ఫోటో. వంతుల ప్రకారం పిల్లలే తీస్తారు. మొదట వేరు వస్తుంది, గింజను ఎలా తిప్పి పెట్టినా వేరు కిందికే దిగుతుంది. రెండు వారాల ఫోటోలను ముద్రించి కలిపేసి పిల్లల ముందు పోస్తే, వాటిని వరసలో పేర్చడానికి ఆకుల సంఖ్య, వేరు పొడవు, కాగితం మీది మరకలు చూసి వాదించుకుంటారు. ఆదివారాల ఫోటోలు ఉండవు. శనివారానికీ సోమవారానికీ మధ్య మొక్క ఎందుకంత ఎగబాకిందని ఎవరో అడుగుతారు. బడికి సెలవైనా మొక్కకు సెలవు లేదని తెలుసుకోవడంతో పాటు, నమోదులో ఖాళీ ఉంటే ఏం కోల్పోతామో కూడా ఆ తరగతికి తెలుస్తుంది. ఫోటోలు పేర్చడం, ఆజ్ఞలు పేర్చడం ఒకే రకమైన ఆలోచన.

అదే ఫోనుతో ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే కథను రికార్డు చేసి తెచ్చి, తరగతిలో విని, ఒక్కో పిల్లవాడు ఒక్కో బొమ్మ వేసి, టీచరు కింద రెండు వాక్యాలు రాస్తే తరగతికి సొంత పుస్తకం తయారవుతుంది. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన 'స్టోరీవీవర్' వేదికలో తెలుగుతో సహా ఎన్నో భాషల బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. ఉన్న బొమ్మలతో కొత్త కథ రాసుకోవడానికీ అనుమతి ఉంది. పిల్లల ఫోటోల విషయంలో మాత్రం జాగ్రత్త తప్పదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతిని తప్పనిసరి చేసింది. మొక్క ఫోటో అందరికీ పంపవచ్చు, పిల్లవాడి ముఖం వాట్సాప్ గ్రూపులో తిరగకూడదు.

ఈ దారిలో అన్నీ విజయాలే ఉన్నాయని చెబితే పాపర్ట్‌కు న్యాయం చేసినట్టు కాదు. 1980లలో న్యూయార్క్‌లోని బ్యాంక్ స్ట్రీట్ కళాశాలలో రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ జరిపిన పరిశీలనలో, లోగో నేర్చినంత మాత్రాన పిల్లలకు ఇతర పనుల్లో ముందుచూపు పెరగలేదని తేలింది. పాపర్ట్ దీనికి గట్టిగా బదులిచ్చారు. బడిలో మిగతా అంతా అలాగే ఉంచి ఒక్క లోగోను చేర్చి ఫలితం కొలవడం సరికాదన్నారు. మరోవైపు డగ్లస్ క్లెమెంట్స్ ఒకటో తరగతి పిల్లలతో చేసిన పనిలో మంచి ఫలితాలు కనిపించాయి. ఆయన తర్వాత రేఖాగణితానికి లోగోను జోడించి ఏళ్ల తరబడి పాఠాలు తయారు చేశారు. రెండు పక్కలా చదివితే ఒకటి స్పష్టం. పక్కన టీచరు ఉండి, పిల్లలు చేసినదాని గురించి మాట్లాడించి, ఆ తాబేలు మలుపునూ పుస్తకంలోని కోణాన్నీ కలిపి చూపిన చోట చదువు జరిగింది. పిల్లలనూ యంత్రాన్నీ ఒకచోట వదిలేసిన చోట ఆటే మిగిలింది.

పాపర్ట్ అండతో, నికొలస్ నెగ్రొపాంటె నాయకత్వంలో 2005లో ప్రకటించిన 'పిల్లవాడికో ల్యాప్‌టాప్' పథకం దీన్ని పెద్ద ఎత్తున రుజువు చేసింది. పెరూ ప్రభుత్వం లక్షల సంఖ్యలో ల్యాప్‌టాపులు కొని పల్లె బళ్లకు పంచింది. ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు పరిశోధకులు 319 బళ్లలో పరిశీలించి 2012లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 15 నెలల తర్వాత లెక్కల్లో, భాషలో ఏ మెరుగుదలా లేదు. సాధారణ ఆలోచనా శక్తి పరీక్షల్లో మాత్రం కొంత లాభం కనిపించింది. పెట్టెలు చేరాయి, వాటితో ఏం చేయాలో టీచర్లకు తగినంతగా నేర్పలేదు. ఇందుకు భిన్నంగా సప్పెస్ దారిలోని 'మైండ్‌స్పార్క్' అనే కంప్యూటర్ సాధన కార్యక్రమం 2015లో ఢిల్లీలో మాధ్యమిక తరగతుల పిల్లలకు, నాలుగున్నర నెలల్లోనే, లెక్కల్లోనూ హిందీలోనూ చెప్పుకోదగ్గ మేలు చేసింది. అక్కడ ప్రతి పిల్లవాడి స్థాయికి తగిన ప్రశ్న వచ్చింది, ఆ కేంద్రాల్లో చిన్న జట్లకు మనుషులు పాఠం కూడా చెప్పారు. వెనకబడిన పెద్ద పిల్లవాడికి సాధన కావాలి, ఆ దారి అతనికి సరిపోయింది. ఆరేళ్ల పిల్లవాడికి కావలసింది వేరు.

పిల్లవాడే తన పని నడిపించుకోవాలన్న ఆలోచన యంత్రం అసలే లేకుండా పండిన చోటు మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ. చుట్టుపక్కల పల్లెల్లో ఒకే టీచరు అన్ని తరగతులూ చూసుకునే చిన్న బళ్ల కోసం పద్మనాభరావు, రమ దంపతులు చేసిన పద్ధతిలో పాఠాలన్నీ కార్డులుగా విడిపోయి ఉంటాయి. గోడకు అభ్యాస నిచ్చెన ఉంటుంది. ప్రతి మెట్టుకూ ఒక గుర్తు, అదే గుర్తు కార్డు మీదా ఉంటుంది. చదవడం రాని పిల్లవాడు కూడా తన మెట్టు చూసుకుని తన కార్డు తానే తీసుకుంటాడు. బొమ్మ గుర్తులు చూసి తన పని తానే నడిపించుకునే ఏర్పాటు స్క్రాచ్ జూనియర్ పుట్టకముందే అప్పటి చిత్తూరు జిల్లా పల్లెల్లో ఉంది. తర్వాత తమిళనాడు ప్రభుత్వ బళ్లు ఈ పద్ధతి నుంచి స్ఫూర్తి పొందాయి. మన టీచర్లకు ప్రాజెక్టు పద్ధతి పరాయిది కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఆచరణలో తేల్చుకోవలసిన సంగతుల్లో ముఖ్యమైనది ఒక యంత్రానికి ఎంతమంది అన్నది. ఒక్కొక్కరికి ఒకటి ఉంటే మేలని పెద్దలు అనుకుంటారు. ఈ వయసులో ఇద్దరికో ముగ్గురికో ఒకటి ఉండడమే మంచిది. ఒకరు నొక్కుతారు, ఇంకొకరు ఏం నొక్కాలో చెబుతారు, మూడో వాళ్లు జరిగింది చూసి తప్పు పడతారు, కాసేపటికి వంతులు మారుతాయి. మాట్లాడుకోకపోతే పని సాగదు, అందుకే మాట పెరుగుతుంది. వంతు మార్చే బాధ్యత టీచరుదే, లేకపోతే చురుకైన ఒక్కరే ట్యాబును ఆక్రమిస్తారు, చాలాసార్లు ఆడపిల్లలు చూస్తూ ఉండిపోతారు. తెర ముందు గడిపే కాలం కూడా తక్కువే చాలు. కోవిడ్ కాలంలో 2020 జూలైలో అప్పటి కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ ఇచ్చిన 'ప్రజ్ఞాత' మార్గదర్శకాలు బడి ఈడు రాని పిల్లల విషయంలో రోజుకు అరగంట మించవద్దన్నాయి. పైన చెప్పిన ప్రాజెక్టుల్లో దేనికీ ఒక పూటలో అంత తెర కూడా అవసరం రాదు. గీయడం, కొలవడం, నడవడం, వాదించుకోవడంలోనే పీరియడ్ గడిచిపోతుంది.

పాపర్ట్ 2006 డిసెంబరులో గణిత విద్య సదస్సు కోసం హనోయ్ వెళ్లినప్పుడు మోటారు సైకిల్ ఢీకొని తలకు తీవ్రంగా గాయపడ్డారు. 2016 జూలై 31న మెయిన్ రాష్ట్రంలో కన్నుమూశారు. ఆయన కోరింది పరికరాల కొనుగోలు కాదు, పిల్లవాడి చేతికి అధికారం. తెలుగు రాష్ట్రాల్లో ఒకటి నుంచి మూడో తరగతి వరకు పాఠం చెప్పే ప్రతి టీచరుకూ వారానికి ఒక పీరియడ్ ఇలాంటి పనికి విడిచిపెట్టాలి. ఆ పీరియడ్‌లో సిలబస్ ఎంత నడిచిందని తనిఖీకి వచ్చినవారు అడగకూడదు. శిక్షణ తరగతుల్లో టీచర్లకు తెర మీద స్లైడ్లు చూపించడం మాని, వాళ్లనే నేల మీద తాబేలుగా నడిపించాలి, వాళ్లతోనే కాకి కథ చేయించాలి. పరికరాల బడ్జెట్ రాసేటప్పుడు అందులో టీచరు శిక్షణకు ముందుగా డబ్బు కేటాయించాలి, మిగిలిన దానితోనే యంత్రాలు కొనాలి. యంత్రాలు వచ్చేదాకా ఆగనక్కర్లేదు, సుద్దముక్కతో రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.